వంటలక్కా, ఆర్కే నాయుడా? పర్లాకిమిడి నుంచి నా ఓటు

టీవీ సీరియళ్ళలో కార్తీక దీపం మేలా, మొగలిరేకులు మేలా అని ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో వాదన మొదలైతే ఇక ఆ పూట తేలదు. మా వదినది వంటలక్క పక్షం, నాది మొగలిరేకుల పక్షం. నా కారణాలు నాకున్నాయి, అన్నీ చెబుతాను. వదిన మాటల్లో నిజం ఉన్నచోట అదీ ఒప్పుకుంటాను.

ముందు కార్తీక దీపంలో అందరూ వంటలక్క అని పిలిచే దీప గురించి. పాత్రగా చూస్తే తెలుగు సీరియళ్ళలో దీపకి సాటి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. నల్లగా ఉన్న అమ్మాయిని మధ్యలో నిలబెట్టి, రోజూ రాత్రి ఏడున్నరకి ఇంటిల్లిపాదీ ఆమె కోసం కూర్చునేలా చేయడం మామూలు విషయం కాదు. మొగుడు అనుమానించాడని కాళ్ళు పట్టుకుని అక్కడే పడి ఉండదు, కడుపుతో ఉండగానే బయటికి వచ్చేస్తుంది, నాలుగిళ్ళకి వంట చేసి కూతుర్ని పెంచుకుంటుంది. మా పక్కింటి మౌసికి తెలుగు రాదు, ఒడియా తప్ప మరో మాట అర్థం కాదు, అయినా దీప ముఖం చూసి ఆరోజు కథ ఏమిటో చెప్పేసేది. ఆ గొప్ప దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్‌దే. మలయాళంలో దీనికి మూలమైన కరుత్తముత్తులో కూడా ఆవిడే చేసింది కాబట్టి ఆ బాధ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆపుకోవాలో ఆవిడకి బాగా తెలుసు.

కానీ ఒక్క మంచి పాత్ర ఉంటే సీరియల్ మంచిదైపోదు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా సాగిన కథలో ఎక్కువ భాగం ఒకే అనుమానం మీద నిలబడింది. దీప మొగుడు కార్తీక్, అంటే డాక్టర్ బాబుకి, అతని మీద మనసుపడ్డ మోనిత అబద్ధపు రిపోర్టు చూపించి నీకు పిల్లలు పుట్టరని చెబుతుంది, ఆయన నమ్మేసి దీప కడుపులో బిడ్డ తనది కాదనుకుంటాడు. ఆయన గుండె డాక్టరు! రిపోర్టు తప్పయితే ఇంకోచోట పరీక్ష చేయించుకోవాలని రోగులకి చెప్పాల్సిన మనిషి. డీఎన్ఏ టెస్ట్ చేయించుకోవయ్యా అని రాష్ట్రమంతా అడిగింది, మా వీధి కూడా అడిగింది. డాక్టర్ బాబుగా నిరుపమ్ పరిటాల బాగానే చేశాడు, తప్పు రాసిన పాత్రలోనే ఉంది. దీనికి మా వదిన జవాబు ఒక్కటే: "మగోడి అనుమానం రిపోర్టు చూస్తే పోతుందేటమ్మా?" నిజమే, పోదు. అయితే ఆ అనుమానం మనిషిని లోపల ఎలా తింటుందో చూపించాలి కదా, అది వదిలేసి మోనిత ఇంకో ఎత్తు వేసిందని, ఇంకో సాక్షి చేజారిందని వారాలు గడిపేశారు.

నాకు ఇంకా బాధగా అనిపించేది మేకప్. రంగు చూసి మనిషిని తక్కువ చేయకూడదని చెప్పే కథ కోసం తెల్లగా ఉన్న నటికి నల్లరంగు పూయడం ఏమిటి? నిజంగా చామనఛాయలో ఉన్న అమ్మాయికి ఆ వేషం ఇవ్వాల్సింది. సౌందర్య పాత్రని మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. నలుపంటే గిట్టని అత్తగారు మెల్లమెల్లగా కోడలికి కొండంత అండగా మారడం అర్చన అనంత్ ఎంతో నమ్మకంగా చేసింది. సీరియల్ మొత్తంలో నిజంగా మారిన మనిషి ఆవిడే. 2022లో దీపనీ కార్తీక్‌నీ చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి, కొన్ని నెలలకే మళ్ళీ వాళ్ళిద్దర్నీ బతికించి తెచ్చారు. అన్నాళ్ళు ఏడ్చిన జనానికి అది న్యాయం కాదు.

ఇక మొగలిరేకులు. జెమినిలో 2008 నుంచి 2013 దాకా వచ్చింది. అంతకుముందు దూరదర్శన్‌లో ఋతురాగాలు, జెమినిలోనే చక్రవాకం తీసిన మంజులా నాయుడే దీనికీ డైరెక్టరు. శాంతి, ఆమె తోబుట్టువులు, వాళ్ళ తర్వాతి తరం, ఇలా కథ ఇల్లంతా పరుచుకుని ఉంటుంది. ఒకరి కష్టం కాసేపు ఆగితే ఇంకొకరిది కదులుతుంది, అందుకే ఒకే ముడి పట్టుకుని సాగదీయాల్సిన అవసరం రాలేదు. ధర్మగా ఇంద్రనీల్ గొంతు పెంచకుండా మాట్లాడితేనే మనకి గుండె బరువెక్కేది. తర్వాత సాగర్ చేసిన ఆర్కే నాయుడు వచ్చాడు. పోలీసు పాత్రే, కానీ అరుపులు లేవు, తక్కువ మాటలు, నిలకడైన చూపు. ఇప్పటికీ సాగర్‌ని సొంత పేరుతో కాక ఆర్కే నాయుడనే పిలిచేవాళ్ళున్నారంటే ఆ పాత్ర ఎంత నిలిచిపోయిందో చూడండి. మున్నా అనే ఇంకో పాత్ర కూడా సాగరే చేశాడు. చిక్కులు ఎక్కువై కథ చివర్లో సాగింది, అది కాదనను.

నా ఓటు అటు పడటానికి అసలు కారణం మాటలు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, వాడుక భాష కోసం ఆయన పోరాటం ఇక్కడే మొదలైంది. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళింది. ఇప్పుడు ఇక్కడ ఒడియా బడికి వెళ్ళే తెలుగు పిల్లలకి తెలుగు అంటే ఇంట్లో విన్నది, టీవీలో విన్నది, అంతే. ఒడియా ప్యాక్‌కి తోడు తెలుగు ఛానెళ్ళకి విడిగా డబ్బు కట్టేది అందుకే. మొగలిరేకుల్లో మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడతారు, మనసులో ఉన్నది మాటల్లో పెట్టడానికి తడుముకుంటారు. కార్తీక దీపంలో ఒక్క మాట అంటే ముగ్గురి ముఖాలు మూడుసార్లు తిప్పి చూపించి, ఉరుము వేసి, రేపటికి వాయిదా. పిల్లలు దాన్నుంచి ఏం నేర్చుకుంటారు? ఒక లోటు మాత్రం రెండింటికీ ఉంది. మా శ్రీకాకుళం వైపు యాస మాట్లాడే మనిషిని గౌరవంగా ముఖ్యపాత్రలో పెట్టడం నేను చూసినంతలో రెండింట్లోనూ లేదు.

కొత్తగా చూసేవాళ్ళకి నా సలహా: మొగలిరేకులు యూట్యూబ్‌లో దొరుకుతుంది, మొదటి తరం కథ ఒక్కటీ వదలకుండా చూడండి, నాయుడు వచ్చాక ఓపిక ఉన్నంతవరకు చూడండి. కార్తీక దీపం అయితే దీప ఇల్లు వదిలి బయటికొచ్చిన దగ్గర్నుంచి సౌందర్య ఆమె పక్కన నిలబడేదాకా చాలు, 2022లో వాళ్ళు చచ్చి బతికిన భాగం జోలికి వెళ్ళకండి.