స్టీల్ ప్లాంట్ ఉద్యోగమా, పూర్ణా మార్కెట్ షాపా?

వైజాగ్ కుర్రాళ్ళ గొడవే ఇది, సగం జవాబు ఇంట్లోనే రెడీ అయిపోయుంటది. ప్లాంటోళ్ళ ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగినోడికి నాన్న షిఫ్టులూ ఒకటో తారీకు జీతమే లోకం, షాపోళ్ళ అబ్బాయేమో గల్లాపెట్టె పక్కన కూర్చుని “రేపిస్తాలే” అనే గిరాకీ మొహం చూసి ఇస్తాడో లేదో చెప్పేస్తాడు (ఏ కోచింగ్‌లోనూ నేర్పరిది).

ఖర్చు: జాబ్‌కి కోచింగ్ ఫీజు, ఏళ్ళు. షాపుకి సరుకు, మొండి బాకీలు.
శ్రమ: షాపుకి పండగ రోజే డబుల్ పని.
రిస్క్: 1966లో ఉద్యమం చేసి సాధించుకున్న ప్లాంట్‌నే 2021లో అమ్మేస్తామని కేంద్రం అన్నాక పర్మనెంట్ అన్న మాట మీద ఆ ఇళ్ళల్లోనే నమ్మకం సడలింది.

నెలనెలా ఈఎంఐ, చెల్లి చదువు ఉంటే జాబే చూస్కోండి. సొంత షాపుండి అప్పు లేకపోతే, నా ఓటు షాపుకే.