అలసటను దాచని డెవలపర్: ఇంట్లో కలుపుకున్న డి-72తో ఏడేళ్లు

పసుపు పొట్లంలో వచ్చే కొడాక్ వారి డెక్టాల్ దొరకడం కష్టమైనప్పటి నుంచి పేపర్ డెవలపర్ల కోసం, అంటే ఫోటో పేపర్ మీద బొమ్మను పైకి తెచ్చే రసాయన ద్రావణాల కోసం, పడిన తిప్పలు చీకటి గదిలో ఫోటోలు ప్రింట్ చేసుకునే వారందరికీ తెలిసినవే కాబట్టి వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. ఎన్ని పాళ్ల నీళ్లు కలపాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి అన్నవి ప్రతి డబ్బా మీదా ఉంటాయి. ఏడేళ్లుగా ఇంట్లోనే కలుపుకుంటున్న డి-72 అనే డెవలపర్ గురించి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఒక్కటే. అది అలసిపోతున్నప్పుడు, అంటే దాని బలం తగ్గుతున్నప్పుడు, ఆ విషయాన్ని ముందుగానే తెలియజేస్తుంది. పేపర్ డెవలపర్‌లో ఇంతకు మించిన గుణం నాకు ఇంతవరకు కనబడలేదు. ఈ అభిప్రాయం ఒక రాత్రి నేను పోగొట్టుకున్న పేపర్ వల్ల ఏర్పడింది.

అప్పటికి ఆస్కార్బిక్ ఆమ్లం ఆధారంగా తయారైన ఒక ద్రవ డెవలపర్‌కు అలవాటు పడి రెండేళ్లయింది. దాని మీద నాకు మంచి అభిప్రాయమే ఉండేది. ఘాటు వాసన లేదు, చేతులకు మంట లేదు, పొడులు తూచే పని లేదు, సీసా నుంచి కొలిచి నీళ్లు కలిపితే ఐదు నిమిషాల్లో ట్రే సిద్ధమయ్యేది. ఆ జూన్‌లో మా మేనమామ షష్టిపూర్తి ఉంది. ఆయన స్టూడియో మూసేశాక నా దగ్గరికి చేరిన 120 సైజు ఫిల్మ్ నెగెటివ్‌లలోంచి పన్నెండింటిని ఎంచి, ఎనిమిది పది అంగుళాల ఫైబర్ పేపర్ (ప్లాస్టిక్ పూత లేని ఫోటో పేపర్) మీద ప్రింట్లు వేసి ఇవ్వాలనుకున్నాను. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు తయారు చేసిన ఇందు పేపర్ మీద నాకు ప్రింటింగ్ నేర్పినది ఆయనే కనుక, ఆ పని వేరొకరి చేతిలో పెట్టడానికి మనసు ఒప్పలేదు.

రాత్రి పదింటికి మొదలుపెట్టాను. ఎంతసేపు వెలుగు చూపాలో తేల్చుకోవడానికి వేసే పేపర్ ముక్కలో, అంటే మొదటి టెస్ట్ స్ట్రిప్‌లోనే, నలుపు నలుపులా రాలేదు. పలక మీద సుద్ద గీతలు తుడిచాక మిగిలే బూడిద రంగులా ఉంది. ఎక్స్‌పోజర్ తక్కువైందనుకుని 14 సెకన్లను 20 చేశాను, తరువాత 28 చేశాను. వెలుగు భాగాలు మురికిపట్టాయి గాని నీడలు మాత్రం చిక్కబడలేదు. పేపర్ పాతదేమోనని ఫ్రిజ్‌లోంచి కొత్త పెట్టె తీసి తెరిచాను. సేఫ్‌లైట్ (చీకటి గదిలో వాడే ఎర్ర దీపం) వల్ల పేపర్ మసకబారిందేమోనని దాన్ని కూడా ఆర్పి కటిక చీకట్లో ఒక షీట్ వేశాను. వోల్టేజీ పడిపోయి నెగెటివ్‌ను పెద్దది చేసి పేపర్ మీద పడేసే ఎన్‌లార్జర్ బల్బు వెలుగు తగ్గిందేమోనని స్టెబిలైజర్ ముల్లు చూసి వచ్చాను. ఇన్ని అనుమానాల మధ్య డెవలపర్ మీదకు ఒక్కసారి కూడా నా మనసు పోలేదు, ఎందుకంటే ట్రేలోని ద్రవం లేత గడ్డి రంగులో, అడుగున ఉన్న పేపర్ అంచు స్పష్టంగా కనిపించేటంత తేటగా, సీసా తెరిచిన మొదటి రోజున ఎలా ఉండేదో అలాగే ఉంది. ఒంటిగంటన్నరకు, తొమ్మిది షీట్లు పాడయ్యాక, చివరికి లైటు వేసి ఒక పేపర్ ముక్కను ఆ వెలుతురులోనే ట్రేలో ముంచి గడియారం చూశాను. బాగున్న డెవలపర్‌లో అలాంటి ముక్క నిమిషం తిరిగేలోగా కాటుకలా నల్లబడాలి. మూడు నిమిషాలకు కూడా అది బూడిద రంగు దాటలేదు.

తప్పంతా ఆ సరుకుదే అనడం న్యాయం కాదు. సగం ఖాళీ అయిన సీసాను ఐదు నెలల పాటు, అందులోనూ హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎండల్లో, అలమారలో ఉంచినవాడిని నేనే. ఖాళీ భాగంలో నిండిన గాలి తన పని తాను చేసింది. డెక్టాల్ వంటి డెవలపర్లలో ఉండే హైడ్రోక్వినోన్ గాలి తగిలి చెడినప్పుడు గోధుమ రంగు పదార్థాలు ఏర్పడతాయి గనుక కంటికి తెలుస్తుంది. ఆస్కార్బేట్ చెడినప్పుడు అంతగా రంగు మారదు, పైగా ఇనుము, రాగి వంటివి లేశమాత్రం కలిసినా అది మరింత త్వరగా చెడుతుంది. ఈ సంగతులు నేను తరువాత చదివి తెలుసుకున్నాను. డెవలపర్ చెడిపోవడాన్ని నేను అర్థం చేసుకోగలను. ఏ సూచనా లేకుండా చెడిపోయి, విదేశం నుంచి తెప్పించుకున్న పేపర్‌ను ఒక్కొక్క షీటే నా చేత పాడు చేయించడాన్ని మాత్రం ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

ప్రింట్లు ఎందుకు ఆలస్యమయ్యాయో చెప్పినప్పుడు మామయ్య అంతా విని, "డెవలపర్‌ని రంగు చూసి నమ్మకూడదురా, బొమ్మ ఎన్ని అంకెలకి పైకొస్తుందో లెక్కపెట్టి నమ్మాలి" అన్నారు. ఆయన స్టూడియోలో డి-72ను స్వయంగా తూచి కలుపుకునేవారు. కొడాక్ ఆ సూత్రాన్ని బహిరంగంగానే ప్రకటించింది కాబట్టి ఎవరైనా కలుపుకోవచ్చు, పనితనంలో అది డెక్టాల్‌కు చాలా దగ్గరిది. లీటరుకు మెటోల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, తేమలేని సోడియం కార్బొనేట్ 67.5, పొటాషియం బ్రోమైడ్ 2 పడతాయి. చిక్కని సల్ఫైట్ ద్రావణంలో మెటోల్ కరగదు కాబట్టి ముందు చిటికెడు సల్ఫైట్, తరువాత మెటోల్, ఆపైన మిగిలినవి వరుసగా వేయాలి. కార్బొనేట్ ఏ రూపంలో దొరికిందో తప్పకుండా చూసుకోవాలి. మోనోహైడ్రేట్ అయితే 80 గ్రాములు సరిపోతుంది, స్ఫటికాల రూపంలో ఉండే బట్టల సోడా అయితే దాని బరువులో సగానికి పైగా నీరే గనుక దాదాపు 182 గ్రాములు కావాలి. షష్టిపూర్తి దాటిన మూడు వారాలకు ఆ పన్నెండు ప్రింట్లూ నేను కలిపిన మొదటి లీటరుతోనే పూర్తయ్యాయి.

స్టాక్‌కు, అంటే కలిపి సీసాలో ఉంచుకున్న చిక్కని ద్రావణానికి, రెండు పాళ్ల నీళ్లు కలిపి ట్రేలో పోస్తాను. మొదటి షీట్ వేసినప్పుడు బొమ్మలోని అన్నింటికన్నా గాఢమైన నీడ, సాధారణంగా మనిషి జుట్టో, తెరిచిన తలుపు వెనుక చీకటో, ఎన్నో సెకనుకు పైకి తేలిందో లెక్కపెట్టి ట్రే అంచున అంటించిన టేపు మీద పెన్సిలుతో రాస్తాను. నా ఫైబర్ పేపర్‌కు తాజా ద్రావణంలో అది 20 సెకన్లు. దానికి ఆరు రెట్లు, అంటే రెండు నిమిషాలు, డెవలప్ చేస్తాను. రాత్రి గడిచేకొద్దీ టేపు మీద 20, 20, 21, 22, 22, 24, 25 అని అంకెలు పేరుకుంటాయి, నేనూ అదే ఆరు రెట్ల లెక్కన సమయాన్ని రెండున్నర నిమిషాల దాకా పెంచుకుంటూ పోతాను. అంకె 30కి చేరితే ట్రే ఖాళీ చేస్తాను. ఈలోగా ద్రవం పల్చని టీ రంగులోకి, అక్కడి నుంచి డికాక్షన్ రంగులోకి మారుతూ వస్తుంది. సేఫ్‌లైట్ ఎర్ర వెలుగులో ఆ మార్పు సరిగా తెలియదు గనుక నాకు టేపు మీది అంకెలే ప్రమాణం. ఆ అంకెలు ఒక్కసారిగా ఎగబాకిన సందర్భం ఈ ఏడేళ్లలో లేదు.

మూడో ఏట ఒక దుకాణం నుంచి తెచ్చిన సల్ఫైట్ విషయంలోనూ ఈ గుణమే నన్ను కాపాడింది. అది ఎక్కువ కాలం నిల్వ ఉండి గాలికి సల్ఫేట్‌గా మారిపోయిందో, పొరపాటున సల్ఫేటే కట్టి ఇచ్చారో తెలియదు గాని, కలిపిన మరునాటి ఉదయానికి స్టాక్ అంతా చిక్కని కాఫీ రంగుకు తిరిగింది. గాలి నుంచి కాపాడే సల్ఫైట్ అందులో లేదని చూడగానే అర్థమైంది. పారబోశాను, ఒక్క షీట్ కూడా నష్టపోలేదు.

డి-72 ఇచ్చే నలుపు మరింత లోతుగా ఉంటుందని మొదటి రెండేళ్లూ మిత్రులకు చెబుతూ వచ్చాను. తరువాత ఒకే నెగెటివ్‌ను అప్పుడే తెరిచిన ఇల్‌ఫర్డ్ మల్టీగ్రేడ్ డెవలపర్‌లో, తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి, డి-72తో పక్కపక్కన ప్రింట్ చేసి, వెనుక పెన్సిలుతో గుర్తులు పెట్టి, కిటికీ వెలుతురులో చూశాను. గుర్తులు చూడకుండా ఏది దేనితో చేసినదో చెప్పలేకపోయాను, కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చవక అన్న మాట కూడా పూర్తిగా నిలవదు. గ్రాములో పదో వంతు చూపే త్రాసు, విడివిడిగా కొన్న రసాయనాల సీసాలు కలిపితే మొదటి ఏడాది ఖర్చు ద్రవ డెవలపర్ కంటే ఎక్కువే అయింది. రంగు గురించి పైన రాసినదానికీ ఒక సవరణ అవసరం. గోధుమ రంగు తిరిగిన స్టాక్ కూడా చాలాసార్లు బాగానే పనిచేస్తుంది, అందుకే రంగు కనబడగానే పారబోయకుండా లైటు వేసి పేపర్ ముక్కతో పరీక్షించి చూసుకోవాలి. మా బోరు నీళ్లలో కలిపితే అడుగున సున్నంలాంటి తెల్లని పొడి పేరుకుంటుంది గనుక ఆర్వో నీళ్లు తప్పనిసరి. మే నెలలో ట్రేను ఐస్ వేసిన పెద్ద తొట్టిలో పెట్టకపోతే బొమ్మ 12 సెకన్లకే తేలిపోతుంది, అంత తక్కువ అంకెలో ఒక్క సెకను లెక్క తప్పినా ప్రింట్‌లో తెలుస్తుంది.

నేను నెలకు రెండు రాత్రులు, రాత్రికి పది పదిహేను షీట్లు మాత్రమే ప్రింట్ చేస్తాను, ఒకసారి తెరిచిన సీసా నా దగ్గర నెలల తరబడి మిగిలిపోతుంది. వారం వారం పనిచేసి నెలలోపు సీసా ఖాళీ చేసేవారికి ద్రవ డెవలపర్లే హాయి, నాకు జరిగినది వారికి జరగకపోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ పొడులను తాళం వేసి ఉంచగలిగితేనే తెచ్చుకోవాలి. తూచేటప్పుడు హైడ్రోక్వినోన్ దుమ్ము లోపలికి పోకుండా నేను మాస్కు కట్టుకుంటాను. మెటోల్ కొందరి చర్మానికి పడదు. కిందటి వానకాలం నుంచి నా వేళ్ల సందుల్లో కూడా దురద మొదలైంది, చేతి తొడుగులు, పట్టుకారు లేకుండా ట్రే జోలికి పోవడం లేదు. అది తగ్గకపోతే మెటోల్ బదులు ఫెనిడోన్ ఉండే బ్రోమోఫెన్ పొడికి మారవలసి ఉంటుంది. అందులోనూ హైడ్రోక్వినోన్ ఉంది, ఇప్పటికి వాడి చూసిన రెండు పొట్లాలలో టేపు మీది అంకెలు ఇలాగే నెమ్మదిగా పెరిగాయి. మెటోల్ సీసాలో ఇంకా నలభై గ్రాములు మిగిలి ఉంది, అది అయ్యేలోగా నా వేళ్ల సంగతి తేలుతుంది.