పాత జీపీఎస్ వాచీకి కొత్త బ్యాటరీ: తిరుపతి ఎండలో, మెట్లదారిలో వాడి చూశాక

ఎనిమిదేళ్లు దాటిన జీపీఎస్ వాచీకి బ్యాటరీ మార్పిస్తే నడకకు, పరుగుకు ఢోకా లేదు. ఈత సంగతి మాత్రం మర్చిపోవాలి. ముందే తేల్చి చెప్పడానికి కారణం ఉంది. ఈ రిపేరులో అందరూ బ్యాటరీ గురించి భయపడతారు, నిజంగా ఇబ్బంది పెట్టేది వెనక మూత. ఇక్కడ రాస్తున్నది 2015-2018 మధ్య వచ్చిన, గుండీలతో నడిచే, వెనక గుండెవేగం సెన్సరున్న రకం గురించి. కొత్తలో జీపీఎస్ ఆన్ చేసి పది, పన్నెండు గంటలు వచ్చేవి ఇవి. కంపెనీ ఏదైనా లోపల సెల్లు తీరు ఒకటే కాబట్టి పేరుతో పని లేదు.

లోపలున్నది లిథియం పాలిమర్ సెల్లు. నిండుగా ఉంటే 4.2 వోల్టులు, 3 వోల్టుల దగ్గరికి దిగితే వాచీ ఆగిపోతుంది. పాతబడే కొద్దీ అందులో పట్టే చార్జి తగ్గుతుంది, లోపలి రెసిస్టెన్సు, అంటే కరెంటుకు అడ్డు, పెరుగుతుంది. రెండోదే ఎక్కువ సతాయిస్తుంది. జీపీఎస్, గుండెవేగం లైటు, తెర లైటు మూడూ ఒకేసారి కరెంటు లాగినప్పుడు వోల్టేజి దబ్బున పడిపోతుంది. వాచీ సెల్లు ఖాళీ అయిందనుకుని ఆరిపోతుంది. అలిపిరి దారిలో ఇది భలే బయటపడుతుంది. మొత్తం 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు మరీ ఎక్కువ. పాదాల మండపం దగ్గర 60 శాతంతో మొదలైన వాచీ గాలిగోపురం చేరకుండానే ఆరిపోయి, పైన కాసేపు కూర్చుని ఆన్ చేస్తే మళ్లీ 35 శాతం చూపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. సెల్లు పోయింది. శాతం మెల్లగా, సమంగా తగ్గిపోతుంటే మాత్రం తొందరపడకండి, తప్పు వేరే చోట ఉండొచ్చు.

ముందు చూడాల్సింది చార్జింగు పిన్నులు. చెమటలో ఉప్పుంటుంది. చెమట ఆరకముందే క్లిప్పు తగిలించి చార్జింగు పెడితే, కరెంటు పారుతున్న ఆ తడిలో పిన్ను మీది పూత కరిగిపోయి పచ్చటి చిలుము పడుతుంది. అక్కడి నుంచి చార్జింగు సరిగా ఎక్కదు, రాత్రంతా పెట్టినా 80 దగ్గరే ఆగిపోతుంది. నింద బ్యాటరీ మీద పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన మెత్తటి టూత్‌బ్రష్షుతో రుద్ది, పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టి చూడండి. క్లిప్పు వైపు స్ప్రింగు పిన్నులు కూడా చూడండి, ఒకటి లోపలికి దిగిపోయి పైకి రాకపోవడం మామూలే. చిన్న యూఎస్‌బీ మీటరు ఒకటి మధ్యలో తగిలిస్తే కరెంటు నిలకడగా పోతోందో, క్లిప్పు కదిలినప్పుడల్లా సున్నాకు పడుతోందో కళ్లెదుటే కనిపిస్తుంది. ఇసుక కాగితం మాత్రం వాడొద్దు. ఉన్న పూత కూడా పోతుంది.

తర్వాత సాఫ్ట్‌వేరు. బ్లూటూత్ ఆపేసి, బయటి నుంచి దించుకున్న వాచ్‌ఫేసు (టైము చూపించే తెర డిజైను) తీసేసి కంపెనీది పెట్టి, రాత్రి పడుకునేముందు శాతం రాసిపెట్టుకోండి. తెల్లారి చూసుకుంటే తేలిపోతుంది. అంతకుముందు రాత్రికి పది శాతం తగ్గేది రెండు, మూడుకు వచ్చిందంటే స్క్రూడ్రైవరుతో పని లేదు. సెకన్ల ముల్లు తిరిగే వాచ్‌ఫేసులు చార్జి ఎంత తాగుతాయో అప్పుడు తెలుస్తుంది.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. వాచీని రోజుల తరబడి ఫోనుకు కలపకపోతే ఉపగ్రహాలు ఎక్కడుంటాయో ముందుగా చెప్పే ఫైలుకు గడువు తీరిపోతుంది. అప్పుడు వాచీ ఆ సమాచారాన్ని నేరుగా ఆకాశం నుంచే అందుకోవాలి. ఒక ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికి 30 సెకన్ల వరుస పడుతుంది, మొత్తం ఉపగ్రహాల పట్టిక రావాలంటే పన్నెండున్నర నిమిషాలు. మధ్యలో సిగ్నలు తెగితే ఆ ముక్క కోసం మళ్లీ ఆగాలి. అలిపిరి దారిలో చాలా భాగం పైకప్పు ఉంటుంది. ఆ కప్పు కిందికి వెళ్లాక జీపీఎస్ ఆన్ చేస్తే వాచీ వెతుకుతూనే ఉంటుంది, చార్జి తింటూనే ఉంటుంది. ఇంట్లో ఫోనుకు కలిపి, బయట ఖాళీ స్థలంలో సిగ్నలు పట్టాకే మెట్ల వైపు కదలాలి.

ఇవన్నీ చూశాకా మార్పు లేకపోతే సెల్లు మార్చాల్సిందే. వెనక మూత ఒక పక్క లేచినట్టున్నా, తెర అంచు పైకి వచ్చినా సెల్లు ఉబ్బిందని అర్థం. అప్పుడిక పరీక్షలేమీ వద్దు. ఆ వాచీని మళ్లీ చార్జింగు పెట్టకూడదు, చేతికి కట్టకూడదు.

సెల్లు కొనేటప్పుడు మీద ఉండే ఆరంకెల నంబరు చదవడం రావాలి. 402025 అంటే మందం 4.0 మిల్లీమీటర్లు, వెడల్పు 20, పొడవు 25. వెడల్పు, పొడవుల్లో ఒక మిల్లీమీటరు తక్కువైనా సర్దుకోవచ్చు. మందం అర మిల్లీమీటరు ఎక్కువైనా తీసుకోవద్దు, మూత బిగిస్తే సెల్లు నలుగుతుంది. ఎంత చార్జి పడుతుందో చెప్పే ఎంఏహెచ్ అంకె ఎక్కువ రాశారని మోసపోవద్దు. అదే కొలతలో పాతదానికి రెట్టింపు అంకె ఉంటే అది అచ్చు వేసిన అబద్ధమే. పాత సెల్లుకు రెండు తీగలా, మూడా అన్నది కూడా చూసుకోవాలి. మూడోది చాలావరకు వేడి కొలిచే థర్మిస్టరుది. అక్కడ రెండు తీగల సెల్లు వేస్తే వాచీకి వేడి ఎంతో తెలియక చార్జింగే మొదలుపెట్టదు. షాపువాడు బోర్డు పోయిందంటాడు.

తిరుపతిలో మొబైల్ రిపేరు షాపుల్లో ఇయర్‌బడ్ల సెల్లులు దొరుకుతాయి కానీ వాచీ కొలతలవి తక్కువ. ఆన్‌లైనులో తెప్పించుకోవడమో, చెన్నై వెళ్లే పని ఉంటే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీటులో వెతకడమో చేయాలి. ఖర్చు వందల్లోనే. చేతికి రాగానే మల్టీమీటరు పెట్టండి. 3.7 నుంచి 3.9 వోల్టుల మధ్య ఉంటే మంచి సరుకు. 3 కంటే తక్కువంటే ఏళ్లుగా షాపులో పడి ఉన్నదే, వెనక్కి పంపేయండి.

విప్పే ముందు రికార్డులన్నీ ఫోనులోకి దించుకుని, చార్జి 25 శాతం లోపుకు తెచ్చి, వాచీ ఆపేయాలి. వెనక నాలుగు మూలల్లో ఉండేవి మామూలు స్క్రూలు కావు, నక్షత్రం తల ఉన్న టార్క్స్ రకం. ఎక్కువ మోడళ్లకు టీ5 సైజు సరిపోతుంది. వాటి సందుల్లో చెమట ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. ముందు సూదితో గోకి, ఆల్కహాలు చుక్క వేసి, పది నిమిషాలాగి తిప్పాలి. ఆత్రపడితే తల అరిగిపోతుంది, అప్పుడు డ్రిల్లు తప్ప దారి లేదు. మూతను ఒక్కసారిగా లాగొద్దు. గుండెవేగం సెన్సరు ఆ మూతకే ఉంటుంది, దాని నుంచి బోర్డుకు కాగితమంత పలుచటి రిబ్బన్ కేబులు పోతుంది. మూతను పుస్తకం అట్టలా ఒక పక్కకు తెరిచి, ముందు ఆ కేబులు కనెక్టరు విడదీయాలి. ఈ రిపేరులో చచ్చిపోయిన వాచీల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి.

సెల్లు కింద డబుల్ టేపు ఉంటుంది. స్క్రూడ్రైవరు దూర్చి పైకి ఎత్తితే సెల్లు చిరిగి మంట రావొచ్చు. అంచున ఆల్కహాలు రెండు చుక్కలు వదిలి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం కిందికి పోనిచ్చి కోస్తే నిదానంగా ఊడివస్తుంది. కనెక్టరు ఉన్న మోడలయితే పని అక్కడితో సగం అయిపోయినట్టే. తీగలు అతికించి ఉంటే, రెండింటినీ ఒకే కత్తెర దెబ్బకు కత్తిరించొద్దు, కత్తెర ఇనుమే షార్టు చేస్తుంది. ఒకటి కత్తిరించి, వేడికి తట్టుకునే కాప్టన్ టేపు చుట్టి, తర్వాత రెండోది. సోల్డరింగు ఐరన్ 330 డిగ్రీల దగ్గర పెట్టి ఒక్కో చోట రెండు సెకన్లకు మించి ఆనించొద్దు. సెల్లు తోక దగ్గర చిన్న రక్షణ బోర్డు ఉంటుంది. అతుకు దాని తీగలకే వేయాలి, సెల్లు రేకుకు ఎప్పుడూ తగలకూడదు. చేయి తిరగనివాళ్లు దీన్ని మొబైల్ రిపేరు చేసేవారి చేత చేయించుకోవడమే మేలు. గోడ గడియారాలు, చేతి వాచీలు బాగుచేసేవారికి మూత పని బాగా వస్తుంది, తీగల పని రాదు. మొబైల్ వాళ్ల సంగతి సరిగ్గా దీనికి తిరగేసినట్టు.

ఇక మూత. నీళ్లు లోపలికి రాకుండా ఆపే పాత రబ్బరు గాస్కెట్టు ఇన్నేళ్లకు చదునై, గట్టిపడి ఉంటుంది. కొత్తది దొరికితే వేయండి. దొరకకపోతే పాతదాన్నే శుభ్రంగా తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా పూసి, గాడిలో మెలిక లేకుండా కూర్చోబెట్టాలి. ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించాలి. జిగురుతో అతికిన మోడలయితే బీ-7000 రకం జిగురు పూసి, 24 గంటలకు తక్కువ కాకుండా బరువు కింద ఉంచాలి. జిగురు గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచే బారోమీటరు రంధ్రంలోకి పోకుండా చూసుకోండి. అది పూడుకుపోతే కొండ ఎక్కుతున్నా ఎత్తు గీత నేలబారుగానే పోతుంది. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కి చూసుకుంటే తెలిసిపోయే లోపమిది. చెమట ఉప్పుతో పూడుకుంటే గోరువెచ్చటి మంచినీళ్లతో కడగాలి, పిన్నుతో పొడవకూడదు.

మూత వేశాక లోపల తేమ ఉందో లేదో తెలుసుకోవడానికి వాచీ రిపేరు చేసేవారి పద్ధతి ఒకటుంది. వాచీని అరచేతి వేడి కంటే కొంచెం ఎక్కువ వెచ్చగా చేసి, అద్దం మీద చల్లటి నీటి చుక్క వేసి ఒక నిమిషం ఆగుతారు. చుక్క తుడిచాక అద్దం లోపలి వైపు మంచు పట్టినట్టు మసక ఉంటే లోపల తేమ ఉన్నట్టే, మళ్లీ విప్పి ఆరబెట్టాలి. ఈ పరీక్ష నెగ్గినా నీటిని ఎంత తట్టుకుంటుందో చెబుతూ వెనక ‘5 ఏటీఎం’ అని చెక్కి ఉన్న మాటకు ఇక విలువ లేదు. చెమటకు, వానకు పర్వాలేదు. పుష్కరిణిలో మునకకు తీసి పక్కన పెట్టాల్సిందే.

మార్చాక మొదటిసారి నిండా చార్జి చేసి, ఆరిపోయేదాకా వాడి, మళ్లీ నింపితే శాతం లెక్క దారికి వస్తుంది. అది చేయకపోతే కొన్నాళ్లు పిచ్చి అంకెలు చూపిస్తుంది. ఆ తర్వాత ఇన్నాళ్ల వాడకంలో తేలింది ఏమిటంటే, బయట దొరికే సెల్లుతో కొత్తలో ఉన్నంత రాదు, పది గంటలు వచ్చేది ఏడు, ఎనిమిదికి ఆగుతుంది. కొండెక్కి దిగడానికి, ఆదివారం పొడుగు పరుగుకు అది ఎక్కువే. దాన్ని తొందరగా చంపేది మన ఎండ. మే నెలలో ఉష్ణోగ్రత 40 దాటినప్పుడు బండి డిక్కీలో పెట్టి వదిలేస్తే సెల్లు వయసు కరిగిపోతుంది, నిండా చార్జితో వదిలితే ఇంకా త్వరగా. వాడని రోజుల్లో సగం చార్జితో, నీడపట్టున ఉంచాలి. ఎండలో పరుగెత్తి వచ్చిన వెంటనే చార్జింగు పెట్టకూడదు, కడిగి, తుడిచి, చల్లబడనివ్వాలి.

కొత్తది కొనాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. గుండీలు దిగిపోయినా, తెరలో గీతలు మాయమవుతున్నా, చిలుము పిన్నులను పూర్తిగా తినేసినా సెల్లు మీద డబ్బు పెట్టడం దండగ. వారంటీ దాటాక చాలా కంపెనీలు సెల్లు ఒక్కటే మార్చి ఇవ్వవు, డబ్బు కట్టించుకుని బాగుచేసిన ఇంకో వాచీ ఇస్తాయి. ఆ ధర కొత్త మోడలు ధరలో సగం దాటితే కొత్తదే నయం. కంపెనీల లెక్క ప్రకారం గార్మిన్ ఫోర్‌రన్నర్ 255, కోరోస్ పేస్ 2 లాంటివి జీపీఎస్ ఒక్కదానితో 30 గంటలు వస్తాయి. అందులో మూడో వంతు తగ్గినా పాతవాటి కొత్త రోజులకంటే మెరుగే. శేషాచలం వాలుల్లో, చెట్ల కింద పరుగెత్తేవారు ఉపగ్రహాలు సిగ్నలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాలూ అందుకునే మోడలు చూడండి. రాతి గోడకు తగిలి వచ్చే దొంగ సిగ్నలును అది బాగా వడగడుతుంది, మ్యాపు మీద మన దారి గీత లోయలోకి దూకదు. గ్రౌండులో రౌండ్లు కొట్టేవారికి దానికి అదనపు డబ్బు అక్కర్లేదు.

తీసిన పాత సెల్లు చెత్తబుట్టలో వేయొద్దు. రెండు కొసలకు టేపు చుట్టి, ఉబ్బినదయితే ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.