లేసు పార్శిళ్లకు లేబుల్ ప్రింటర్, కాటా: మూడేళ్ల వాడకంలో తేలిన లెక్క

నరసాపురం దగ్గరి మా ఊరి నుంచి క్రోషే లేసు టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు, చిన్న డాయిలీలు (గిన్నెల కింద పరిచే లేసు బిళ్లలు) ఆన్‌లైన్‌లో అమ్మి పార్శిళ్లు పంపడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఆ పని కోసం కొన్న సామానులో రెండింటి గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. ఒకటి దాదాపు 6,000 రూపాయలు పెట్టి కొన్న నాలుగంగుళాల థర్మల్ లేబుల్ ప్రింటర్. రెండోది ఐదు కిలోల వరకు ఒక్కో గ్రాము తేడాతో తూచే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా, దాని ధర 500 రూపాయల లోపే. కొత్తగా అమ్మకాలు మొదలుపెట్టేవారు అందరూ ముందు ప్రింటర్ గురించే అడుగుతారు గానీ, నా అనుభవంలో పెట్టిన డబ్బును త్వరగా రాబట్టినది కాటా, దానికి తోడుగా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న దర్జీ టేపు.

ముందు ప్రింటర్ సంగతి చెబుతాను. దీనికి సిరా అక్కరలేదు; వేడెక్కే ముద్రణ తల (ప్రింట్ హెడ్) కింద నుంచి కాగితం జరిగినప్పుడు, ఆ కాగితం పైపూత వేడికి నల్లబడి అక్షరాలు ఏర్పడతాయి. కొరియర్ సంస్థలు ఇచ్చే లేబుల్ సాధారణంగా 100 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి నాలుగంగుళాల ప్రింటర్‌కు సరిగ్గా సరిపోతుంది. చవక రకాలలో ఎక్కువ భాగం అంగుళానికి 203 చుక్కల చొప్పున ముద్రిస్తాయి; బార్‌కోడ్‌కు, చిరునామాకు అంతకన్నా అవసరం లేదు, దానికి రెట్టింపు ధర పెట్టి 300 చుక్కల రకం కొనడం వృథా. మూడేళ్లలో యంత్రం పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అప్పుడప్పుడు బార్‌కోడ్‌లో నిలువుగా తెల్లటి గీత పడుతుంది. అది తల మీద చేరిన జిగురు, దుమ్ము వల్ల వచ్చేది కనుక యంత్రం ఆపి, చల్లారనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిస్తే పోతుంది. ఆ గీతను పట్టించుకోకుండా పంపితే స్కానర్ చదవని పార్శిల్ గోదాములో పక్కన పడి ఉండే ప్రమాదం ఉంది.

అసలు ఇబ్బంది కాగితంతోనే వస్తుంది. ఎండ తగిలినా, వేడి తగిలినా, నూనె అంటినా థర్మల్ కాగితం పాడవుతుంది. లేబుల్ తడవకూడదని దాని మీద పారదర్శక టేపు అతికించే అలవాటు చాలామందికి ఉంది. ఆ టేపు జిగురు కొన్నాళ్లకు అక్షరాలను వెలిసిపోయేలా చేస్తుంది, పైగా టేపు మెరుపు వల్ల స్కానర్ తడబడుతుంది. నేను లేబుల్ నాలుగు అంచులకు మాత్రమే టేపు వేసి, బార్‌కోడ్‌ను వదిలేస్తాను. వానాకాలంలో మరో చిక్కు ఉంది. ముసురు పట్టినన్నాళ్లు అట్టపెట్టెలు చెమ్మ పీల్చుకుని మెత్తబడతాయి, అటువంటి అట్ట మీద లేబుల్ జిగురు సరిగ్గా పట్టదు, సాయంత్రానికి ఒక మూల పైకి లేచి ఉంటుంది. అందుకని లేబుల్ రోల్స్‌ను, విప్పని అట్టలను మూత బిగుతుగా ఉండే పాత బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టాక ఈ బాధ చాలావరకు తగ్గింది.

ఇక డబ్బు లెక్క. నాకు లేబుల్ కాగితం ఒక్కోటి సుమారు రూపాయి పడుతుంది. ఇదే లేబుల్‌ను మా ఊరి జిరాక్స్ దుకాణంలో తీయిస్తే 5 రూపాయలు, ఒకే ఏ4 కాగితం మీద రెండు లేబుళ్లు వచ్చేలా సర్దుకుంటే ఒక్కోటి రెండున్నర. ఐదు రూపాయల లెక్కన చూసినా ప్రింటర్ ఖరీదు తిరిగి రావడానికి 1,500 పార్శిళ్లు కావాలి. రెండున్నర లెక్కన అయితే 4,000. రోజుకు ఒకటి రెండు పార్శిళ్లు పంపేవారికి మొదటి లెక్కతోనే రెండున్నర ఏళ్లు దాటుతుంది. దుకాణానికి వెళ్లి వచ్చే సమయం, పండుగల ముందు అక్కడి రద్దీ, కరెంటు లేదని మూసిన తలుపు, వీటన్నిటికీ విలువ కడితే ప్రింటర్ పక్షాన కొంత న్యాయం ఉంది, కాదనను. అయితే కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో ప్రింటర్ కూడా పని చేయదు, తుపాను రోజుల్లో దుకాణమూ ఇల్లూ ఒకటే.

కాటా, దర్జీ టేపు డబ్బు మిగిల్చిన తీరు వేరు. కొరియర్ సంస్థలు పార్శిల్‌ను రెండు విధాల కొలుస్తాయి: ఒకటి అసలు బరువు, రెండోది పరిమాణాన్ని బట్టి కట్టే బరువు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, హెచ్చించి, వచ్చినదాన్ని చాలా సంస్థలు 5000తో భాగిస్తాయి, కొన్ని ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి. అంకె చిన్నదైన కొద్దీ బరువు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఈ రెండు బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జి వేస్తారు. లేసు తేలిక, కానీ వదులుగా మడిస్తే ఉబ్బుతుంది. ప్యాకింగుతో కలిపి 700 గ్రాములు తూగే టేబుల్ క్లాత్‌ను 30, 25, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే పరిమాణపు బరువు రెండుంబావు కిలోలు అవుతుంది. ఛార్జి అరకిలో మెట్ల లెక్కన పడుతుంది కనుక రెండున్నర కిలోలకు, అంటే ఐదు మెట్లకు, డబ్బు కట్టాలి. అదే క్లాత్‌ను అడుగున పలుచటి అట్ట పెట్టి, చదునుగా మడిచి, పాలిథిన్ కవరులో గాలి తీసి, కొరియర్ సంచిలో పెడితే బయటి కొలతలు 32, 26, 5 వస్తాయి. పరిమాణపు బరువు 832 గ్రాములు, ఛార్జి ఒక కిలోకి, రెండు మెట్లు. అసలు బరువు 700 గ్రాములకు కూడా రెండు మెట్లే కాబట్టి, ఇంతకన్నా అదిమి లేసు పువ్వులను నలిపినందువల్ల ఒక్క పైసా మిగలదు. కొలిచేటప్పుడు పెట్టె బయటి అంచులను, ఉబ్బిన చోట కొలవాలి. పెట్టె అమ్మేవారు చెప్పేది చాలాసార్లు లోపలి కొలత.

మెట్టు అంచున ఉండే పార్శిళ్ల విషయంలో కాటా మరీ అక్కరకు వస్తుంది. కుషన్ కవర్ల జత ఒకటి 470 గ్రాములు ఉంటుంది. దాన్ని 60 గ్రాముల పెట్టెలో పెడితే 530, అంటే కిలో ఛార్జి. 15 గ్రాముల కొరియర్ సంచిలో పెడితే 485, అరకిలో ఛార్జి. అయితే నూలు గాలిలోని తేమను పీల్చుకునే వస్తువు. వశిష్ఠ గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు నుంచి వానాకాలంలో పంటు (రేవు దాటించే పడవ) మీద దాటి వచ్చిన లేసు, ఎండాకాలంలో వచ్చినదానికన్నా స్పష్టంగా బరువు తూగుతుంది. అందుచేత శ్రావణ భాద్రపదాల్లో అరకిలో అంచున ఉన్నదాన్ని ఒక పూట ఫ్యాను కింద ఆరబెట్టి, మళ్లీ తూచి, కనీసం 20 గ్రాముల వెసులుబాటు ఉంటేనే అరకిలోగా బుక్ చేస్తాను. వాళ్ల కాటాకు, మన కాటాకు ఆ మాత్రం తేడా ఉండనే ఉంటుంది.

బుక్ చేసిన బరువుకన్నా ఎక్కువ బరువు వచ్చిందంటూ తరువాత అదనపు ఛార్జి కోసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. నేను వాడిన ఒక కొరియర్ మధ్యవర్తి సంస్థ, 480 గ్రాముల పార్శిల్‌కు ఒకటిన్నర కిలోల ఛార్జి కోసింది. కాటా మీద పార్శిల్, పక్కనే విప్పిన దర్జీ టేపు, లేబుల్ మీది నంబరు, మూడూ ఒకే చిత్రంలో కనిపించేలా తీసిన ఫోటో నా దగ్గర ఉండబట్టి, గడువు లోపల అభ్యంతరం నమోదు చేశాక ఆ సొమ్ము తిరిగి వచ్చింది. గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి వారానికి ఒకసారైనా ఖాతా తెరిచి కోతలు చూసుకోవాలి. ఫోటోల్లో కొనుగోలుదారు ఫోను నంబరు కనబడుతుంది. వివాదం తీరాక వాటిని చెరిపేయడం మర్యాద.

తపాలా కార్యాలయంలో పంపేవారికైతే ప్రింటర్ అసలే అక్కరలేదన్న మాట ఎవరూ గట్టిగా చెప్పరు. చిరునామాను స్పష్టంగా చేత్తో రాసి, ఆరంకెల పిన్ కోడ్, ఫోను నంబరు వేసి కౌంటర్‌లో ఇస్తే, గుమాస్తాయే తూచి, బార్‌కోడ్ అంటించి, 13 అక్షరాల ట్రాకింగ్ నంబరుతో రశీదు ఇస్తారు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.  అందులో ఓటీపీ చెబితేనే అందజేసే సౌకర్యం కావాలంటే మరో 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ. పార్శిళ్ల ధర కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. కొరియర్లు రాని పల్లెటూళ్లకు నేను తపాలానే నమ్ముకుంటాను. ఇంటికి వచ్చి తీసుకెళ్లే సౌకర్యం, వస్తువు అందజేసేటప్పుడే డబ్బు తీసుకునే పద్ధతి (క్యాష్ ఆన్ డెలివరీ) ఎక్కువగా కావలసినవారికి కొరియర్ తప్పదు, లేబుల్ కూడా తప్పదు. ఆ పద్ధతిలో కొనుగోలుదారు వద్దంటే రానుపోను ఛార్జీలు రెండూ మన మీదే పడతాయి. అందుకే 1,000 రూపాయలు దాటిన వస్తువుకు ముందుగా కొంత సొమ్ము తీసుకుంటాను.

ఇదంతా లేసుకు కుదిరిన లెక్క. ఆత్రేయపురంలో మా వదిన పూతరేకులు పంపుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దూరపు ఆర్డర్లు పెరిగాయని తనే చెబుతుంది. పూతరేకులను చదునుగా అదిమే మాటే లేదు. గట్టి పెట్టె, చుట్టూ ఖాళీ నింపే మెత్తటి కాగితం ఉండి తీరాలి, పరిమాణపు బరువు కట్టక తప్పదు. అక్కడ మిగులు వేరే చోట దొరికింది: పది రేకుల పెట్టెలు రెండు, నాలుగు సరిగ్గా ఇమిడే కొలతలతో బయటి పెట్టెలు చేయించుకుంది, మూడింటి ఆర్డరు వస్తే ఇంకో పెట్టె కలిపి తీసుకోమని కొనుగోలుదారుకే తేడా చెబుతుంది. నెయ్యి మరక పడి థర్మల్ లేబుల్ వెలిసిపోతుందని ఆమె లేబుల్‌ను చివరన, చేతులు కడుక్కున్నాకే అంటిస్తుంది.

కొనేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రింటర్ తయారీదారు సొంత లేబుళ్లే వాడాలన్నది నిజం కాదు. కొలత సరిపోయిన ఏ డైరెక్ట్ థర్మల్ (వేడికి తానే నల్లబడే కాగితం) రోల్ అయినా సాధారణంగా పని చేస్తుంది. అయితే రిబ్బన్‌తో ముద్రించే థర్మల్ ట్రాన్స్‌ఫర్ కాగితం చవకగా దొరుకుతుందని తెచ్చుకుంటే అక్షరమే పడదు. గోటితో గట్టిగా గీసి చూడండి, నల్లటి గీత పడితే మనకు కావలసిన కాగితమే. రోల్స్‌ను ఆరు నెలలకు సరిపడా మించి కొనవద్దు, జిగురు ఎండిపోతుంది. ఉచిత డెలివరీ కోసమని 40 రూపాయలు తప్పించుకోబోయి 200 రూపాయల అక్కరలేని టేపులు బుట్టలో వేసుకోవడం కన్నా, అట్టలు, సంచులు, టేపు కలిపి రెండు నెలలకు ఒకసారి తెప్పించుకోవడం మేలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ప్రింటర్ బిల్లు తమ జీఎస్టీ నంబరు మీదే తీసుకుంటే కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోవచ్చు.

మనకు వచ్చిన పార్శిళ్ల పెట్టెలను తిరిగి వాడుకోవడం మంచి పొదుపే, కానీ పాత బార్‌కోడ్‌లను పూర్తిగా చింపేయాలి లేదా నల్ల మార్కర్‌తో కొట్టేయాలి. లేకపోతే స్కానర్ పాతదాన్ని చదివి పార్శిల్ దారి తప్పుతుంది. ఖాళీ నింపడానికి దినపత్రికలు వాడేవారు తెల్ల లేసుకు మధ్యలో పాలిథిన్ కవరు తప్పకుండా వేయాలి, చెమ్మ తగిలితే అచ్చు సిరా నూలుకు అంటుకుని ఉతికినా పోదు.

నా ప్రింటర్ రేపు పాడైతే మళ్లీ ఇలాంటిదే కొంటాను, ఎందుకంటే ఇప్పుడు నా పార్శిళ్ల సంఖ్య ఆ లెక్కకు వచ్చింది. ఇప్పుడే మొదలుపెట్టేవారు మాత్రం మొదటి ఏడాది జిరాక్స్ దుకాణంతో, తపాలా కౌంటర్‌తో గడిపేసి, కాటాను మొదటి రోజే కొనుక్కోవాలి. ఛార్జింగ్ రకం కన్నా మామూలు సెల్స్ వేసే కాటాయే నయం. సెల్స్ బలహీనపడినప్పుడు అంకెలు మసకబారడానికి ముందే తూకం తప్పవచ్చు కాబట్టి నెలకోసారి సీలు తీయని కిలో ఉప్పు ప్యాకెట్టును దాని మీద పెట్టి చూడాలి, కవరు బరువుతో కలిపి కిలో కన్నా కొద్ది గ్రాములు ఎక్కువ చూపాలి. లేసును మేము బరువు లెక్కన కాక ఒక్కో వస్తువు లెక్కన అమ్ముతాం కనుక ఇంటి కాటా సరిపోతుంది. వస్తువును తూచి అమ్మేవారికి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా వేరే ఉండాలి.