“ఒరిజినల్ జర్మన్ డయానా 35” అని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి జాగ్రత్త

పాత డయానా (జర్మన్ కంపెనీ) ఎయిర్ గన్ కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్న అన్నలూ తమ్ముళ్లూ, అడ్వాన్స్ కొట్టే ముందు ఇది చదవండి. నాకు పాతిక వేలు బొక్క.

నేనెందుకు అంత ఎగబడి కొన్నానో ముందు చెప్పాలి. మా నాన్న దగ్గర ఒక డయానా 35 ఉండేది, పెళ్లికి ముందు మద్రాసు మౌంట్ రోడ్డులో కొన్నాడంట. తెనాలి ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ ఫ్లాట్‌కి మారేటప్పుడు, చిన్న పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఏంటని ఒకటే గోల, సరేలే అని తెలిసినాయనకి ఎనిమిది వేలకి ఇచ్చేశా. ఆయన ఇంకొకళ్లకి అమ్మేశాడు, అక్కడి నుంచి ఎటు పోయిందో అంతు లేదు. ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. డబ్బు సంగతి కాదండీ, దాని ట్రిగ్గర్ పట్టుకున్నోడికి తెలుస్తుంది. మొదటి స్టేజ్, అంటే తేలిగ్గా కదిలే మొదటి ఒత్తు, అయిపోయిన చోట వేలు దానంతటదే ఆగేది, అక్కడ ఊపిరి బిగబట్టి కాస్త ఒత్తితే చాలు, పెరటి గోడ మీద పెట్టిన అగ్గిపెట్టె ఎగిరి పడేది. నాన్న గన్ భుజానేసుకుని పెరట్లోకి బయల్దేరితే మా అమ్మ “వచ్చాడమ్మా పిట్టలదొర” అనేది, అది వేరే సంగతి.

అలాంటిదే ఇంకోటి కొందాంలే అనుకుంటే అసలు తమాషా అక్కడ మొదలైంది. ఆ మోడల్ తయారీ 1980ల్లోనే ఆగిపోయింది, అంటే మార్కెట్లో తిరిగేవన్నీ పాతవే, పైగా మన దేశంలో 35ని చూసి చేసిన కాపీలు బోలెడు. కాపీని కాపీ అని చెప్పి అమ్మితే నాకేం గొడవ లేదు, కొన్ని బాగానే కొడతాయి కూడా. కానీ నాకు అమ్మినోడు కాపీ మీద జర్మనీ ముద్ర కొట్టి అమ్మాడు.

పార్సిల్ విప్పగానే పైపైన బ్రహ్మాండంగా ఉంది, నల్లగా నిగనిగ. అదే మొదటి అనుమానం పెట్టుకోవాల్సిన చోటు. యాభై ఏళ్ల గన్ అంత నల్లగా ఎలా ఉంటుంది, గోటితో గీకితే పెయింట్ లేచింది, కింద తుప్పు గుంటలు. “మేడ్ ఇన్ జర్మనీ” అని చేత్తో పంచ్ కొట్టారు, ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో ఉంది, ఒకటైతే పక్కకి ఒరిగింది. డయానా గుర్తు తెలుసుగా, వేట దేవత విల్లు అవతల పారేసి తుపాకీని తల మీదకి ఎత్తి పట్టుకుని ఉంటుంది, దీని మీద ఆ అమ్మవారికి మొహమే లేదు, ముద్దలా ఉంది. ఇంకో ముఖ్యమైనది, ట్యూబ్ (స్ప్రింగ్ ఉండే లావు గొట్టం) వెనక చివర ఎడమ వైపు స్టాక్‌కి, అంటే చెక్క భాగానికి, దగ్గర్లో తయారైన నెల, సంవత్సరం చిన్న అంకెల్లో కొట్టి ఉంటాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ ఒక్క చోటు దగ్గర్నుంచి ఫొటో అడగండి. నా దాంట్లో ఆ చోట గ్రైండర్ పెట్టి అరగదీసి పెయింట్ కొట్టారు. ఎవడైనా ఫొటో పంపడానికి నసిగితే అక్కడితో ఆపెయ్యండి.

కాక్ చేస్తుంటే, అంటే బ్యారెల్ వంచి స్ప్రింగ్ బిగిస్తుంటే, ఇసక నలిగినట్టు కరకర, స్ప్రింగ్ కొలత కంటే పొడుగుది కూరారు, బ్యారెల్ మూసినాక కూడా పక్కకి కదులుతోంది. ఇలా కదిలే దాంతో ఒకే చోట రెండు పెల్లెట్లు (చిన్న సీసం గుళ్లు) పడమంటే ఎక్కడ పడతాయి. తెలిసిన మెకానిక్ విప్పి చూపించాడు, ఒరిజినల్ ట్రిగ్గర్ లోపల మూడు చిన్న స్టీల్ బాల్స్ ఉంటాయి, ఆ మెత్తదనం అంతా వాటిదే, దీంట్లో ఉత్త కొక్కెం. ఇంకో మాట, ఇలాంటి వాటిలో పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్ గట్టిగా పట్టుకునే ఉండండి, కొక్కెం జారితే బ్యారెల్ ఒక్కసారిగా లేచి వేళ్లు నలిగిపోతాయి.

లైసెన్స్ సంగతి చాలామందికి తెలీదు. 2016 ఆయుధ రూల్స్ ప్రకారం ఎయిర్ గన్ బోర్ (బ్యారెల్ లోపలి వెడల్పు) పాయింట్ 177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, శక్తి 20 జౌల్స్ దాటకూడదు, అప్పుడే లైసెన్స్ అక్కర్లేదు. డయానా 35 అంతకంటే పెద్దదైన పాయింట్ 22 బోర్‌లో కూడా వచ్చింది, అది లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకుంటే కేసే, “పాతదేగా ఏం కాదు” అని అంటగడతారు. “1200 ఎఫ్‌పీఎస్, లైసెన్స్ అక్కర్లేదు” అనే యాడ్‌లు చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎఫ్‌పీఎస్ అంటే పెల్లెట్ సెకనుకి పోయే అడుగులు. మామూలు 8 గ్రెయిన్ల పెల్లెట్, అంటే అర గ్రాము పైచిలుకు, సెకనుకి సుమారు 278 మీటర్లు దాటితేనే 20 జౌల్స్ దాటేస్తుంది, అది ఎఫ్‌పీఎస్‌లో సుమారు 910. కాబట్టి ఆ పెల్లెట్‌తో 1200 అంటున్నాడంటే స్పీడన్నా అబద్ధం, లైసెన్స్ అక్కర్లేదన్నదన్నా అబద్ధం. “పావురాల్ని కొట్టొచ్చు” అని రాసినోడి జోలికైతే అసలు పోవద్దు, పిట్టల్ని కొడితే ఫారెస్టు వాళ్ల కేసుల్లో ఇరుక్కుంటారు.

డబ్బు వెనక్కి అడిగితే ఆ మనిషి మొదట “అన్నా ఫ్రెండ్ పంపాడు నాకు తెలీదు” అన్నాడు, తర్వాత “చూసుకునే కొన్నావుగా” అన్నాడు, తర్వాత బ్లాక్. గన్ వెనక్కి పంపిస్తా అన్నా తీసుకోలేదు. ఇప్పుడు అదే ఫొటోలతో ఇంకో పేరు మీద మళ్లీ యాడ్ పెట్టాడు, రేటు ముప్పైకి పెంచాడు. గుర్తులు చెప్తున్నా: వెనక ఆకుపచ్చ కర్టెన్, పక్కన పెల్లెట్ల డబ్బా మూత తీసి ఉంటుంది, రెండో ఫొటోలో గన్ ఎడమ వైపు వెనక చివర మీద బట్ట కప్పి ఉంటుంది. ఆ బట్ట తీసి ఫొటో పంపమనండి.