వేలిముద్ర పడలేదమ్మా, మళ్ళీ పెట్టు: అమెరికా ఇమ్మిగ్రేషన్‌కు ఒక పాత గుమాస్తా వేసిన మార్కులు

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా గురించి రాస్తారు. నేను వేలిముద్రల కౌంటరు గురించి రాస్తాను. ఆ హక్కు నాకుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేశాను. అందులో సగం రేపల్లెలోనే. నా ఎదురుగా ఎన్ని వేల బొటనవేళ్ళు ఇంకు ప్యాడ్ మీద దొర్లాయో నాకే లెక్క తెలియదు. రైతు చెయ్యి పట్టుకుంటే చాలు, ముద్ర పడుతుందా పడదా ముందే చెప్పేవాణ్ణి. అబ్బాయి ఎడిసన్‌లో ఉంటాడు కాబట్టి ఆ దేశానికి మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ వాళ్ళు మమ్మల్ని గుర్తుపట్టిన పద్ధతి వేరు. అందుకే మార్కులు కూడా విడివిడిగానే వేస్తున్నాను.

మొదటిసారి 2006. నేను రిటైరైన ఏడాది. అప్పటికి హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ లేదు. తెనాలిలో రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్ళి, జెమినీ ఫ్లైఓవర్ పక్కన వరసలో నిలబడి వీసా తెచ్చుకున్నాం. విమానం బేగంపేట నుంచే, శంషాబాద్ ఇంకా తెరవలేదు. విమానంలో ఒక తెల్లకార్డు ఇచ్చారు. దాన్ని ఐ-94 అంటారు. పెద్దక్షరాలతో నింపాలి. ఒక ముక్క వాళ్ళకి, ఒక ముక్క మన పాస్‌పోర్టుకి. అంటే రసీదు, కౌంటర్ ఫాయిలు. ఆ పద్ధతి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

న్యూయార్క్‌లో కౌంటరు మీద చిన్న గాజుపెట్టె. చూపుడువేలు పెట్టమన్నాడు, రెండో చేతి చూపుడువేలు పెట్టమన్నాడు, గుండ్రటి కెమెరా వైపు చూడమన్నాడు. అయిపోయింది. ఇంకు లేదు, తుడుచుకోవడానికి గుడ్డ లేదు, చొక్కా జేబు మీద మరక లేదు. ఈ రెండువేళ్ళ పద్ధతి 2004 జనవరి 5న 115 ఎయిర్‌పోర్టుల్లో ఒకేసారి మొదలైందట. న్యూయార్క్ మీద దాడుల తర్వాత వచ్చిన కట్టడి.

కానీ పని తెలిసినవాడిగా నాకొక అభ్యంతరం తోచింది. మా ఆఫీసులో వేలిని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దొర్లిస్తాం. అప్పుడే చక్రం మొత్తం పడుతుంది. వీళ్ళు వేలిని బొట్టు పెట్టినట్టు అద్దించుకున్నారు. మధ్యభాగం తప్ప ఏం పడుతుంది? పైగా రెండు వేళ్ళే. అబ్బాయికి చెబితే నవ్వాడు. "నాన్నా, అది మీ రిజిస్టరు కాదు" అన్నాడు.

తర్వాత తెలిసింది, వాళ్ళకీ అదే అనుమానం వచ్చిందని. 2007 నవంబరు ఆఖర్లో వాషింగ్టన్ డల్లెస్ ఎయిర్‌పోర్టులో మొదలుపెట్టి పది వేళ్ళూ తీసుకోవడం మొదలెట్టారు. కోట్ల మంది ముద్రలు పోగయ్యాక రెండు వేళ్ళతో పోలిస్తే పొరపాటు పడే అవకాశం పెరుగుతుంది. పైగా ఎక్కడో నేరం జరిగినచోట దొరికిన ముద్ర ఏ వేలిదో ఎవరికి తెలుసు? పదీ ఉంటేనే పోల్చగలరు. మొదటి పద్ధతికి పదికి ఎనిమిది. కార్డుకి కౌంటర్ ఫాయిలు ఉన్నందుకు ఇందులో ఒక మార్కు ఎక్కువే వేశాను.

ఇక 2013. అసలు కథ ఇక్కడుంది. ఏ ఊరి ఎయిర్‌పోర్టో చెప్పను. గంటన్నర నిలబెట్టారు, చుట్టూ చూస్తే ఒక్క కుర్చీ లేదు. మోకాళ్ళ నొప్పుల వయసువాళ్ళే సగం మంది ఆ వరసలో. దానికి రెండు మార్కులు అక్కడికక్కడే కోసేశాను.

గాజు ఈసారి వెడల్పుగా ఉంది. కుడిచేతి నాలుగు వేళ్ళు, కుడి బొటనవేలు, ఎడమచేతి నాలుగు, ఎడమ బొటనవేలు. నావి చిటికెలో పడ్డాయి. నలభై ఏళ్ళు కలం తప్ప ఏమీ పట్టని వేళ్ళు. మా ఆవిడవి పడలేదు.

ఎలా పడతాయి? కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ బూడిదతో గిన్నెలు తోమిన చెయ్యి. ఏటా ఆవకాయ కారం, చింతపండు పిక్కలు తియ్యడం, పెరట్లో కలుపు. చూపుడువేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, మిగిలినవి పగుళ్ళు. రేషన్ కొట్లో మిషను ముందు వేలు పెట్టి "పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అనిపించుకునే ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు! ఈవిడ ఆ మాట అమెరికాలో ఇంగ్లీషులో విన్నది, అంతే తేడా.

ఆ ఆఫీసరు మంచివాడే, విసుక్కోలేదు. మళ్ళీ పెట్టమని సైగ చేశాడు. ఈవిడ కంగారులో గాజు పగిలేట్టు నొక్కింది. నొక్కేకొద్దీ గీతలు చదునై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేను పసుపుగీత అవతల నిలబడి "నొక్కకే" అని అరిస్తే ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. నోరు మూసుకున్నాను. పక్క కౌంటరు దగ్గర మన కుర్రాడొకడు, హెచ్-1 మీద పనిచేసేవాడట, ఆయన అనుమతి అడిగి ఈవిడతో "ఆంటీ, గట్టిగా నొక్కద్దు. వేళ్ళు ఒకసారి నుదుటికి రుద్దుకోండి" అన్నాడు. రుద్దుకుంది. పెట్టింది. పచ్చలైటు.

నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఆ ఉపాయం నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. మా ఇంకు ముద్రకి జిడ్డు శత్రువు. తలకి నూనె రాసుకుని వచ్చినవాణ్ణి ముందు చెయ్యి తుడుచుకోమని తరిమేవాణ్ణి. గాజు మిషనుకి జిడ్డు చుట్టం. లోపలి నుంచి వెలుతురు కొడుతుంది, కాస్త చెమ్మ ఉన్న గీత గాజుకి అంటుకున్నచోట నల్లగా కనిపిస్తుంది. పొడివేలు గాజుని తాకీ తాకనట్టే ఉంటుంది కాబట్టి మిషనుకి ఏమీ కనబడదు. పైగా పది గంటల పైన విమానం ఏసీలో కూర్చుంటే ఎవరి చెయ్యి పొడిబారదు?

ఇంకో సంగతి ఆ రోజే తట్టింది. రిజిస్ట్రేషన్‌లో వేలిముద్ర వేసినంత మాత్రాన మనిషి ఎవరో రుజువైపోదు. "ఈయన ఫలానా, నేనెరుగుదును" అని చెప్పే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ముద్ర రేపు తగాదా వస్తే పనికొస్తుంది, ఇవాళ పనికొచ్చేది సాక్షి నోరు. ఇమ్మిగ్రేషన్‌లో ఆ సాక్షి లేడు. గాజు ఒప్పుకుంటే నువ్వు నువ్వే, లేకపోతే ఆఫీసరు దయ. ఆ కుర్రాడు మా ఆవిడకి సాక్షి లెక్క. పేరు కూడా అడగలేదు.

2013 పద్ధతికి పదికి అయిదు. పద్ధతి గట్టిదే. కానీ పనిచేసిన చేతుల్ని తలుచుకుని ఎవరూ దాన్ని తయారుచెయ్యలేదు. ఇంతకీ ఈ విద్య పుట్టింది మన గడ్డ మీదే, అది కూడా మా శాఖలోనే అంటే అబ్బాయి నమ్మలేదు. 1858లో బెంగాల్లో హెర్షెల్ అనే దొర ఒక కంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచెయ్యి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీలో దస్తావేజుల రిజిస్ట్రేషన్‌లో వేలిముద్ర పెట్టించింది కూడా ఆయనే. చదువురానివాణ్ణి "వేలిముద్రగాడు" అని వెక్కిరించే భాష మనది. ఇప్పుడు పీహెచ్‌డీ చేసినవాడు కూడా ఆ దేశపు గుమ్మంలో వేలిముద్రగాడే.

మూడోసారి 2024. అంతకు ముందు ఏడాది కొత్త వీసా కావాల్సివచ్చింది. ఈసారి మద్రాసు పోనక్కర్లేదు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉన్న వీసా కేంద్రంలో వేళ్ళు, ఫోటో. తర్వాత నానక్‌రామ్‌గూడలో కొత్త కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. మా ఆవిడ వారం ముందు నుంచీ రాత్రిళ్ళు చేతులకి వాసలీన్ పట్టించింది, గిన్నెలు ముట్టుకోలేదు. ఆ వారం తోమింది నేను. పదివేళ్ళూ మొదటిసారికే పడ్డాయి.

ప్రయాణం అబుదాబి మీదుగా. ఇక్కడొక వింత ఉంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ళు 2014 నుంచి అబుదాబి ఎయిర్‌పోర్టులోనే కూర్చుంటున్నారు. అమెరికా గడప అక్కడే దాటేస్తాం. న్యూయార్క్‌లో దిగాక ఇక ఇమ్మిగ్రేషన్ వరస ఉండదు, ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చినట్టు పెట్టె తీసుకుని బయటికి నడవడమే. ముసలివాళ్ళని ఒంటరిగా పంపే పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే. ఏదైనా పేచీ వస్తే విమానం ఎక్కకముందే వస్తుంది. కాకపోతే రెండు విమానాల మధ్య వ్యవధి బాగా ఉన్న టికెట్టు కొనాలి. అక్కడ మళ్ళీ ఒక తనిఖీ, ఆ తర్వాత ఈ వరస ఉంటాయి.

మా ఆవిడ విమానం దిగగానే వేళ్ళు నుదుటికి రుద్దుకోవడం మొదలుపెట్టింది. కౌంటరు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి నిలబడింది. ఆ అమ్మాయి నవ్వి, చెయ్యి వద్దు, కళ్ళజోడు తీసి ఇటు చూడమంది. క్లిక్కుమంది. ఎన్నాళ్ళుంటారు, ఎవరింటికి, అంతే. నాకూ అంతే. వేళ్ళ జోలికే రాలేదు. ఈవిడకి ఎంత ఆశాభంగమో! "అంత వాసలీన్ పట్టించానే" అంది.

దీని లోపలి కిటుకు నాకు నచ్చింది. విమానం ప్రయాణికుల జాబితా వాళ్ళకి ముందే చేరుతుంది. ఆ జాబితాలో ఉన్నవాళ్ళ పాస్‌పోర్టు, వీసా ఫోటోలన్నీ ఒకచోటికి తెచ్చి పెట్టుకుంటారు. కెమెరా మన మొహాన్ని ప్రపంచం మొత్తంతో పోల్చదు, ఆ కాసిని ఫోటోలతో పోలుస్తుంది. మేము ఆ రోజుకి రావాల్సిన దస్తావేజుల కట్ట ముందే తీసి బల్ల మీద పెట్టుకునేవాళ్ళం. అచ్చం అలాగే. ఈ పద్ధతి 2022కల్లా వాళ్ళ అంతర్జాతీయ ఎయిర్‌పోర్టులన్నిటికీ వచ్చేసింది. పదివేళ్ళు ముందే ఇచ్చినవాళ్ళని సాధారణంగా మళ్ళీ అడగరు, మొదటిసారి వెళ్ళేవాళ్ళు మాత్రం ఇవ్వాల్సిందే. కాబట్టి వాసలీన్ ఉపాయం వాళ్ళకి ఇంకా పనికొస్తుంది, పారెయ్యకండి.

పనిచేస్తుందా అంటే చేస్తుంది. 2018 ఆగస్టులో డల్లెస్‌లో ఈ కెమెరా పెట్టిన మూడో రోజునే ఒకడు దొరికాడు. ఫ్రెంచి పాస్‌పోర్టు చూపించాడు. మొహం సరిపోలేదని కెమెరా చెప్పింది. వెతికితే వాడి అసలు కాంగో గుర్తింపు కార్డు బూటులో ఉంది. మా ఆఫీసులో చనిపోయిన అన్న పేరుతో తమ్ముడు వచ్చి పొలం రాసిచ్చిన కేసు చూశానుగా, ఇది చదివి ఆ రాత్రి ఈ కెమెరాకి పదికి పది వేసేశాను.

మర్నాడు ఒకటిన్నర తగ్గించాను. 2019లో వాళ్ళ దగ్గర కాంట్రాక్టు చేసే ఒక కంపెనీ నుంచి ప్రయాణికుల ఫోటోలు దొంగలపాలయ్యాయి. లక్షలోపు మందివని వాళ్ళే ఒప్పుకున్నారు. మా రిజిస్టరుకి చెదలు పడితే ఆ ఒక్క ఊరి ముద్రలే పోతాయి. వీళ్ళది పోతే వేలు మార్చుకోలేం, మొహం అసలే మార్చుకోలేం. ఆ భయం నాకు పోలేదు. అలాగని వెళ్ళడం మానతామా? మనవడు అక్కడున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు విమానం ఎక్కే గేటు దగ్గర కూడా కెమెరా పెట్టారు. 2006లో ఆ తెల్లకార్డు ముక్క విమానం వాళ్ళు చింపుకుని తీసుకుంటే వెళ్ళిపోయినట్టు లెక్క. ఇప్పుడు వెళ్ళిపోయిన మొహం, వచ్చిన మొహం ఒకటేనా అని చూసుకుంటున్నారు. గడువు దాటి ఉండిపోయేవాళ్ళ లెక్క తేలాలంటే ఇది చెయ్యక తప్పదు, అందులో తప్పు పట్టను. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకీ డెబ్భై తొమ్మిది దాటినవాళ్ళకీ మినహాయింపు ఉండేది. ఇంకో మూడేళ్ళు ఆగితే నేనా జాబితాలోకి వెళ్ళిపోతాను కదా అని లోలోపల సంతోషిస్తూ ఉన్నాను. 2025 డిసెంబరు 26 నుంచి ఫోటోకి ఆ వయసు మినహాయింపు తీసేశారు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పసిపిల్లకీ ఫోటోనే, పండుముసలికీ ఫోటోనే. దానికింకో అర మార్కు తగ్గించాను, అది మాత్రం సొంత కక్షే.

లెక్క ప్రకారం కెమెరాకి ఎనిమిది. అబ్బాయికి ఫోన్లో చెబుతుంటే వాడింకో ముక్క చెప్పాడు. పరాయి దేశస్తుల ఫోటోలు వాళ్ళు డెబ్భై అయిదేళ్ళ దాకా ఉంచుకోవచ్చట. 2024కి డెబ్భై అయిదు కలిపితే 2099. మా ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, స్పీకర్లో విన్నది.

"అన్నాళ్ళు ఉంచేదైతే ముందు చెప్పొద్దూ" అంది. "రాత్రంతా విమానంలో కూర్చుని రేగిపోయిన జుట్టుతో నిలబడ్డాను. దువ్వుకునేదాన్నిగా."