అనాటమీకి త్రీడీ యాప్ మేలా, డిసెక్షన్ హాలా?

ఎంబీబీఎస్ ఫస్టియర్ క్లాసులు మొదలయ్యాయంటే చాలు, జూనియర్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, త్రీడీ యాప్ తీసుకుంటే సరిపోదా, డిసెక్షన్ హాల్లో శవాల పక్కన, అవి పాడవకుండా వాడే ఆ ఫార్మలిన్ ఘాటులో కళ్ల నీళ్లు కారుస్తూ నిలబడాల్సిందేనా?" కొందరైతే ఇంట్లో ట్యాబ్ కొనిపించేశాక తీరిగ్గా అడుగుతారు.

యాప్‌ని తీసిపారేయను. మధ్య చెవినే తీసుకోండి. చెవి దగ్గరి పుర్రె ఎముక, అంటే టెంపోరల్ బోన్ లోపల దాక్కున్న ఆ చిన్న గదిని, అందులోని మూడు బుల్లి ఎముకల్ని టేబుల్ మీద సరిగ్గా చూడటం కష్టం. యాప్‌లో ఎముకను మాయం చేసి, ఫేషియల్ నర్వ్ (ముఖ కండరాల్ని కదిలించే నరం) ఎటు తిరిగి ఎటు బయటికొస్తుందో వేలితో తిప్పుకుంటూ చూడొచ్చు. పిండంలో పేగు, దానికి రక్తం తెచ్చే సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ (ధమని) చుట్టూ 270 డిగ్రీలు తిరగడం లాంటివి కదిలే బొమ్మలో చూస్తే తప్ప బుర్రకెక్కవు. ఇలాంటి చోట్ల యాప్‌కే నా ఓటు.

అసలు తేడా చంకలో, అదే యాక్సిల్లాలో బయటపడుతుంది. యాప్‌లో ఆర్టరీ ఎరుపు, వెయిన్ (సిర) నీలం, నర్వ్ పసుపు, ముట్టుకుంటే పేరు కూడా అదే చెప్పేస్తుంది. టేబుల్ మీద అన్నీ ఒకే మట్టిరంగు, పైగా కొవ్వులో కూరుకుపోయి ఉంటాయి. అక్కడ కళ్లకంటే వేళ్లకే ఎక్కువ పని: వెయిన్ గోడ పల్చన, నొక్కితే అణిగిపోతుంది, ఆర్టరీ గోడ మందం, గొట్టంలా తెలుస్తుంది, నర్వ్‌లో బోలు ఉండదు, గట్టి తాడే. ముందు కొరాకోబ్రాకియాలిస్ కండరాన్ని పట్టుకోండి. దాన్ని పొడుచుకుని వెళ్లేది మస్క్యులోక్యుటేనియస్ నర్వ్. ఆ నర్వ్ వెంట వెనక్కి పోతే అది పుట్టే నరాల కట్ట, లాటరల్ కార్డ్ దొరుకుతుంది, అక్కణ్నుంచి మీడియన్, అల్నార్ నర్వ్‌లు కలిసి ఎం అక్షరం ఆకారం బయటపడుతుంది. ఇలా ఒక్కసారి మీ చేత్తో వెతికి పట్టుకుంటే, స్పాటర్స్‌లో (దారం కట్టిన భాగాన్ని గుర్తుపట్టే పరీక్షలో) దారం ఎక్కడ కట్టినా గంట కొట్టేలోపు పేరు రాసేస్తారు.

ఇంకోటి, యాప్ మామూలుగా చూపించేది ఒక్క ఆదర్శ శరీరాన్ని. నిజం మనుషులు అలా ఉండరు. బొటనవేలు, చిటికెనవేలు కొసలు కలిపి మణికట్టును కాస్త లోపలికి వంచండి. మధ్యలో తాడులా లేచేది పాల్మారిస్ లాంగస్ కండరం స్నాయువు. మీ హాస్టల్ రూములో అందరివీ చూడండి, కొందరికి ఉండదు, కొందరికి ఒక చేతికే ఉంటుంది. ఇదంటే సరదా విషయం. కానీ కొందరిలో చేతికి రక్తం తెచ్చే అల్నార్ ఆర్టరీ పైనే విడిపోయి మోచేతి ముందు చర్మం కిందే నడుస్తుంది, దాన్ని వెయిన్ అనుకుని ఇంజెక్షన్ చేస్తే చెయ్యే ప్రమాదంలో పడుతుంది. పుస్తకంలో ఉన్నట్టే లోపలా ఉంటుందన్న భ్రమ హాల్లో రెండో టేబుల్‌కి వెళ్లి చూస్తేనే వదులుతుంది.

హాల్‌తో చిక్కు లేదనను. టేబుల్ చుట్టూ గుంపు, ముందున్న నలుగురికే కనిపిస్తుంది, వెనక ఉన్నవాళ్లు ఫోన్లు చూసుకుంటారు. డెమో అయిపోయి జనం పలచబడ్డాక ఫోర్సెప్స్ తీసుకుని నిలబడండి, అసలు చదువు అప్పుడే. అదే రాత్రి యాప్‌లో అదే భాగం తిప్పి చూసుకుంటే ఇంకా మంచిది. ముందు యాప్ చూసి హాల్‌కి వెళ్తే మాత్రం రంగుల కోసం వెతుక్కుంటారు.

అట్లాస్ కావాలి, అందులో సందేహం లేదు. ప్లాస్టిక్ మోడళ్లు ఇంటర్నల్స్ (కాలేజీ పరీక్షలు) ముందురోజుకి పర్లేదు. చార్టులు గోడకి అందం. బైపీసీ పిల్లలకు ఈ గొడవే అక్కర్లేదు, టెక్స్ట్‌బుక్ బొమ్మలు చూడకుండా గీయగలిగితే చాలు.

డబ్బు ఒక్కదానికే ఉందంటే సబ్‌స్క్రిప్షన్ పక్కనపెట్టి సీనియర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ బోన్ సెట్ తీసుకోండి. వైవాలో (నోటి పరీక్షలో) క్లావికిల్, అదే కాలర్ ఎముక, చేతిలో పెట్టి "ఏ సైడ్?" అంటారు. చదునైన కొస బయటికి, గుండ్రటి కొస లోపలికి, సబ్‌క్లేవియస్ కండరం గాడి కిందికి, లోపలి వైపు వంపు ముందుకి. ఇది చేతిలో తిప్పి తిప్పి చూసినవాడు తడుముకోడు.